ఐదు దుకాణాలు, ఆరు వాటాలు

టెండరు కాగితం చదవడం నేను కుషాయిగూడలో నేర్చుకున్నాను. తొంభైల మొదట్లో జుక్కల్ నుంచి హైదరాబాద్ పోయి, కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌కు చిన్నచిన్న భాగాలు చేసిచ్చే ఒక షెడ్డులో గుమాస్తాగా కుదిరాను. 1967లో శాస్త్రవేత్త ఏ.ఎస్. రావుగారి పూనికతో ఆ సంస్థ పుట్టాక దాని చుట్టూ ఇట్లాంటి షెడ్లు ఎన్నో లేచాయి. వైర్లు కత్తిరించి కట్టలు కట్టేవాళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లకు తీగ చుట్టేవాళ్లు, రేకు వంచి పెట్టెలు చేసేవాళ్లు. మా షెడ్డులో సోల్డరింగు రోజిన్ పొగ పొద్దంతా కళ్లలోకి ఎక్కేది. ఇప్పటికీ ఏ మొబైల్ రిపేరు దుకాణం ముందు ఆ వాసన తగిలినా కాసేపు ఆగి నిలబడతాను.

మా యజమాని పెద్దగా చదువుకున్నవాడు కాదు. చేతిపని మాత్రం దిద్దినట్టుండేది. పెద్ద ఆర్డరు ఏదైనా చేజారినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "పని రాక కాదు తమ్మీ. కాగితం మీద పొట్టిగున్నం." మూడేళ్ల టర్నోవరు, ఇంతకుముందు ఇట్లాంటి పని ఇంత మొత్తానికి చేసినట్టు సర్టిఫికెట్, ధరావతు, బ్యాంకు గ్యారంటీ. ఈ నాలుగు మెట్ల దగ్గరే చిన్నవాడు ఆగిపోతాడు. సరుకు నాణ్యత అడిగేదాకా కథ పోనే పోదు.

అక్కడికి దగ్గర్లోనే కమలానగర్‌లో ఎన్‌ఎస్‌ఐసీ కేంద్రం ఉండేది. చిన్న పరిశ్రమల కోసం కేంద్ర ప్రభుత్వం 1955లో పెట్టిన సంస్థ. దాని పద్ధతి నాకు మొదటిసారి అర్థమైన రోజు ఆశ్చర్యపోయాను. ఒకే రకం సరుకు చేసే చిన్న యూనిట్లను ఒక జట్టుగా చేర్చి, అందరి సామర్థ్యాన్నీ కూడి, తన పేరు మీద టెండరు వేస్తుంది. ఆర్డరు వస్తే ఎవరి శక్తికి తగ్గట్టు వాళ్లకు పంచుతుంది. నలుగురు పొట్టివాళ్లు కాగితం మీద ఒక పొడుగు మనిషి అవుతారన్నమాట. నా పడుచు రోజులు అవి. దేశంలో ఏ చిక్కునైనా ఈ ఒక్క కిటుకుతో విప్పవచ్చని నమ్మేశాను. ఎవరు దొరికితే వాళ్లకు చెప్పేవాణ్ని. పెళ్లిళ్లలో కూడా చెప్పేవాణ్నని మా అక్క ఇప్పటికీ అంటుంది.

నాయనకు పక్షవాతం వచ్చాక ఊరికి తిరిగొచ్చాను. ఏ ఏడాదో సరిగ్గా గుర్తులేదు; ఊళ్లో ఇంటింటికీ డిష్ యాంటెన్నాలు ఇంకా రాలేదని మాత్రం గుర్తుంది.

జుక్కల్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మాది మూడు భాషల మూల. పడమరకు పోతే మరాఠీ, దక్షిణానికి దిగితే కన్నడం, ఇంట్లో తెలుగు, పాత కాగితాల్లో ఉర్దూ. 1956 వరకు మా జుక్కల్, బిచ్కుంద సర్కిళ్లు నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజన చట్టంలో ఈ రెండు పేర్లూ ప్రత్యేకంగా రాసి మరీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. నిజామాబాద్ జిల్లావాళ్లమయ్యాం. 2016లో కామారెడ్డి జిల్లా వచ్చాక అందులోకి పోయాం. ఊరు ఉన్నచోటే ఉంది. పైన పేర్లే మారాయి. మా నాయనమ్మ చనిపోయేదాకా ఆఫీసు పని అంటే దెగ్లూరే అనుకుంది.

నేను చెప్పబోయే పనికి ఈ సంగతే మూలం.

2010 నాటికి మా చుట్టుపక్కల ప్రతి మండల కేంద్రంలో ఒకటో రెండో కంప్యూటర్ దుకాణాలు వెలిశాయి. జుక్కల్‌లో మా మేనల్లుడిది: రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషను. బిచ్కుందలో ఒక సారుది కోచింగ్ సెంటరు. పిట్లంలో ఫోటో స్టూడియో. మద్నూర్‌లో ఒక అక్క డీటీపీ చేసేది. ఇంట్లో మరాఠీ, గిరాకీతో తెలుగు. బాన్సువాడలో ఒక భాయి ఉర్దూ పెళ్లిపత్రికలు వేసేవాడు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో సాఫ్ట్‌వేర్. తెలుగుకు అను, మరాఠీకి శ్రీలిపి, ఉర్దూకు ఇన్‌పేజ్. ఒకరు టైపు చేసింది ఇంకొకరి మిషన్లో తెరిస్తే అక్షరాలకు బదులు పిచ్చి గుర్తులు కనిపించేవి. ఒక్క చోట కూర్చుని ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే మనుషులే, మిషన్ల దగ్గరికి వచ్చేసరికి పరాయివాళ్లు.

2008లో కేంద్రం జాతీయ భూరికార్డుల ఆధునికీకరణ కార్యక్రమం మొదలుపెట్టింది. పాత రిజిస్టర్లను స్కాన్ చేయడం, వాటికి కంప్యూటర్లో సూచిక తయారుచేయడం అనే మాటలు ఆఫీసుల్లో వినిపించసాగాయి. 2011 ఎండాకాలంలో అట్లాంటి పనికే ఒక టెండరు పడింది. పిలిచిన కార్యాలయం పేరు చెప్పను. తరవాత చెప్పబోయే కొన్ని సంగతులకు అది మంచిది. స్కాన్ చేయాలి, సర్వే నంబరు, పట్టాదారు పేరు, విస్తీర్ణం యూనికోడ్‌లో ఎక్కించాలి, ఇన్ని నెలల్లో అప్పగించాలి. మేనల్లుడు ఆ కాగితాలు ప్రింటు తీసి తెచ్చాడు. "మామా, గిది మన పనే. కని మనకియ్యరు," అన్నాడు.

నేను షరతులు చదివాను. జాయింట్ వెంచరుకు అనుమతి ఉందని ఒక మూల చిన్న అక్షరాల్లో కనబడింది. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

బాన్సువాడ బస్టాండు దగ్గర ఒక హోటల్ మేడ మీద ఐదుగురినీ కూర్చోబెట్టాను. చాయ్ గ్లాసులు బల్లకు అతుక్కుపోయేంత జిడ్డు. ఫ్యాను తిరగడం లేదు, కరెంటు పోయింది. కలిసి వేయడం ఎట్లాగో చెప్తుంటే అందరూ తలలూపారు. ఒప్పందంలో "ఉమ్మడిగానూ, విడివిడిగానూ బాధ్యులు" అన్న షరతు దగ్గరికి రాగానే బిచ్కుంద సారు పెన్ను కింద పెట్టాడు.

"అంటే పిట్లం అన్న పని ఇడిసిపెట్టి పోతే, నష్టం నేను గట్టాల్నా?"

"గట్లనే రాసుంది సార్."

"నేను ఇడిసిపెట్టి పోతననే అనుకుంటున్నవా?" అన్నాడు పిట్లం అన్న. నవ్వుతూనే అన్నాడు గానీ మొహం ఎర్రబడింది.

అసలు చిక్కంతా అక్కడుంది. పుస్తకాల్లో కన్సార్షియం గురించి చదివితే సామర్థ్యం కలుపుకోవడం, ఖర్చు పంచుకోవడం అనే మాటలే ఉంటాయి. చిన్న దుకాణదారుడి కడుపులో ఉండే భయం వేరు. డబ్బు ముందు ఎవరి చేతికి వస్తుంది? వచ్చినవాడు మిగతావాళ్లకు నిజం చెప్తాడా? మొన్నటిదాకా ఒకే గిరాకీ కోసం రేటు తగ్గించుకున్నవాళ్లు ఇవాళ ఒకరి లెక్క ఒకరు చూడాలి. కుషాయిగూడలో ఈ భయం నాకు కనబడలేదు, ఎందుకంటే అక్కడ మధ్యలో సర్కారు సంస్థ ఉంది. ఇక్కడ మధ్యలో నేనున్నాను, నాకు షెడ్డు కూడా లేదు.

బాన్సువాడ భాయి అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. పోయిన నెల తన దుకాణం లెక్క. కాగితం కొన్న రేటు, పత్రిక అమ్మిన రేటు, కిరాయి, మిగిలింది. "నాది ఇదీ. మీవి కూడా పెట్టండి. ఆ తరవాత మాట్లాడుదాం," అన్నాడు. అంత తక్కువ మిగులుతుందని ఎవరూ అనుకోలేదు. మద్నూర్ అక్క మొదట తన లెక్క చెప్పింది. తరవాత మిగతావాళ్లు చెప్పక తప్పలేదు. నేను ఎన్ని షరతులు వివరించినా కదలనిది ఆ నోటుబుక్కుతో కదిలింది. కలిసి పనిచేయాలనుకునేవాళ్లు ముందు తమ లాభం ఎంతో ఒకరికొకరు చెప్పుకోవాలని నేను ఇవాళ్టికీ గట్టిగా నమ్ముతాను. ఒప్పందం ఆ తరవాత ఎప్పుడైనా రాసుకోవచ్చు.

ఐదుగురి టర్నోవరు కూడినా చాలలేదు. నిజామాబాద్‌లో కొంచెం పెద్ద సంస్థ ఒకటి ప్రధాన భాగస్వామిగా ఉంటానంది. వాళ్లకు అనుభవ సర్టిఫికెట్ ఉంది, ధరావతు కట్టగలరు. మమ్మల్ని సబ్ కాంట్రాక్టర్లుగా పెట్టుకుంటామన్నారు మొదట. నేను ఒప్పుకోలేదు. సబ్ కాంట్రాక్టరుకు పని చేసిన కూలి దక్కుతుందేమోగానీ పని చేసినట్టు సర్టిఫికెట్ దక్కదు. వచ్చే టెండరుకు మళ్లీ మొదటి మెట్టు దగ్గరే నిలబడాలి. సభ్యులుగానే చేర్చాలని, బిల్లు డబ్బు జట్టు పేరున తెరిచే ఖాతాలోకే రావాలని, ఇద్దరి సంతకం లేకుండా చెక్కు కదలకూడదని పట్టుబట్టాం. వాళ్లు రెండు వారాలు నానబెట్టి ఒప్పుకున్నారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకాలయ్యాయి. భాయి ఉర్దూలో చేశాడు, అక్క మరాఠీలో, మిగతావాళ్లం తెలుగులో.

రేటు వేసేటప్పుడు మాకొక సంగతి తెలుసు, పెద్ద కంపెనీలకు తెలియదు: ఆ రిజిస్టర్లలో ఉర్దూ, మరాఠీ ఉంటాయి, అవి వచ్చినవాళ్లు మా జట్టులోనే ఉన్నారు. వాటిని చదవడానికి ఎంత కష్టపడాలోనని వాళ్లు భయపడి ఎక్కువ వేసుకున్నారో ఏమో గానీ, పని మాకు వచ్చింది.

మొదటి బస్తా విప్పిన రోజు బాగా గుర్తుంది. ఎర్రబట్టలో కట్టిన మూట. ముడి విప్పగానే ఎండు వేపాకు పొడి, మట్టి, పాత గోందు కలిసిన వాసన. కాగితం అంచులు అప్పడం లాగా విరిగేవి. గబగబా లాక్కునే స్కానరులో పెడితే ముక్కలవుతాయి కాబట్టి ఒక్కో ఆకు అరచేతుల మీద ఎత్తి అద్దం మీద పరవాలి. తొలి సర్వే నాటి భూమి రికార్డులైన సేత్వార్లు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తరవాతి చేసాల పహాణీ. పాత రెవెన్యూ లెక్కలో ఫసలీ 1364 అని రాసి ఉంటే 590 కలిపి ఏడాది కట్టుకోవాలని ఆపరేటర్లుగా చేరిన ఆడపిల్లలకు నేర్పాం. డిగ్రీ చదివిన పిల్లలు వాళ్లు. వాళ్ల తాతల పేర్లే ఆ పేజీల్లో ఉండి ఉంటాయి. ఒక్కొక్కసారి ఒక పిల్ల "మా చేను, మా చేను" అని అరిచేది. అందరం లేచిపోయి చూసేవాళ్లం.

ఉర్దూ చదవడం భాయికి వచ్చు. కానీ ఆ రిజిస్టర్లలోని ఉర్దూ పెళ్లిపత్రికల ఉర్దూ కాదు. చుక్కలు పెట్టని గొలుసు రాత. విస్తీర్ణం, శిస్తు అంకెల్లో కాకుండా రఖంలో ఉంటాయి. అరబ్బీ సంఖ్యల మాటలను కుదించి రాసే పాత లెక్కల పద్ధతి అది. తెలియనివాడికి ఏదో చీమ సిరాలో పడి నడిచినట్టుంటుంది. రెండో రోజుకే పని ఆగిపోయింది.

అప్పుడు తెచ్చాం పట్వారీ తాతను. నిజానికి ఆయన పట్వారీ కాదు, పట్వారీ దగ్గర లెక్కలు రాసిన మనిషి. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు ఆయనకూ ఆ బతుకుతెరువు పోయింది. కౌలాస్ దిక్కు ఒక పల్లెలో కొడుకు ఇంట్లో ఉండేవాడు. మేనల్లుడు మోటారు సైకిల్ మీద కూర్చోబెట్టుకొని వచ్చాడు. తాత ముందు చేతులు కడుక్కున్నాడు. రిజిస్టరును నుదుటికి తాకించి, కళ్లజోడు మీదికి ఎత్తి, ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు. సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు, సాగుకు పనికిరాని పోట్ ఖరాబ్ ఎంత, శిస్తు ఎంత. ఎక్కడా తడుముకోలేదు. ఒకచోట మాత్రం ఆగి, "ఇక్కడ కలం మారింది. రాసింది వేరేటోడు," అన్నాడు. ఆ పేరును పక్కన పెట్టి ఆఫీసువాళ్లకు రాసి పంపాం. ఏం తేల్చారో గానీ, ఆ రోజు నుంచి తాత చెప్పే వరకూ ఆపరేటర్లు ఎంటర్ నొక్కేవాళ్లు కాదు.

మరాఠీ కలిసిన పేజీలు అక్క చదివేది. పేరు తెలుగులో ఎట్లా రాయాలన్నది పెద్ద తగువు. ఒకే మనిషి ఉర్దూలో ఒక రకంగా, మరాఠీలో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉండేవాడు. పాటిల్ అనాలా, పటేల్ అనాలా? ఉన్నది ఉన్నట్టే రాసి, పక్క గడిలో ఇప్పటి వాడుక రాయాలని నిర్ణయించాం. అదేమీ టెండర్లో అడగలేదు. అయినా చేశాం. అందరి మిషన్లలో పాత ఫాంట్లు పక్కన పెట్టించి, యూనికోడ్ కీబోర్డు నేర్పించింది బిచ్కుంద సారు. పదేళ్లుగా ఒక తీరులో అలవాటైన వేళ్లను మళ్లీ మొదటి నుంచి తిప్పడం అంటే ఎంత చిరాకో పిట్లం అన్నను అడగాలి. నెల రోజులు ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

పని సగంలో ఉండగా 2011 సెప్టెంబరు 13న ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. కార్యాలయాలకు తాళాలు పడ్డాయి. బస్తాలు లోపల, మేము బయట. బాన్సువాడ డిపో బస్సులు కదల్లేదు. మా ఆపరేటర్ పిల్లలు రాస్తారోకోల్లో కూర్చున్నారు. మేనల్లుడు వాటికి బ్యానర్లు ఉచితంగా వేసిచ్చాడు. నేనూ వెళ్లి కూర్చున్నాను. నినాదాలిస్తూనే మనసులో జనరేటరు కిరాయి లెక్క వేసుకునేవాణ్ని. తెలంగాణ రావాలనీ ఉంది, ఆఫీసు తెరవాలనీ ఉంది. ఆ రెండు కోరికలూ ఒకే మనిషిలో ఉన్నాయని అప్పుడు ఎవరికీ చెప్పలేదు. అక్టోబరు 24న సమ్మె ఆగేసరికి 42 రోజులయ్యాయి.

ఆ 42 రోజుల్లో జట్టు విరిగిపోవాలి. విరగలేదు. ఖాతాలో ఉన్న కొద్ది డబ్బు ముందు ఆపరేటర్లకే ఇవ్వాలని అక్క అన్నది. నిజామాబాద్ సంస్థ ఆయన ఒప్పుకోలేదు. ఆయన కట్టిన ధరావతు ఇరుక్కుపోయింది, ఆయన బాధ ఆయనది. రెండో సంతకం భాయిది. భాయి ఇంకేదానికీ సంతకం పెట్టనన్నాడు. చివరికి పిల్లలకు సగం జీతాలు అందాయి. దసరా ఆ సమ్మె మధ్యలోనే వచ్చింది.

బిల్లు ఇంకా కష్టపెట్టింది. పని అప్పగించాక నెలలు గడిచినా డబ్బు రాలేదు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థకు 45 రోజుల్లోగా చెల్లించాలి. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. నేను ఆ సెక్షన్లు ఎత్తి ఉత్తరం తయారుచేశాను. "ఇది పంపితే మళ్లీ పనిస్తరా?" అని పిట్లం అన్న అడిగాడు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉత్తరం పంపలేదు. చిన్నవాళ్ల కోసం రాసిన చట్టం చిన్నవాళ్ల సొరుగులోనే ఉండిపోవడం నేను చాలాసార్లు చూశాను. దాని మీద నా కోపం ఇంకా తగ్గలేదు. డబ్బు ఎప్పటికో వచ్చింది, వడ్డీ లేకుండా.

పంపకం నాడు ఒక మాట వచ్చింది. నిజామాబాద్ సంస్థ భాగం పోను, ఐదు దుకాణాలు, ఐదు వాటాలు అని ఒప్పందం. తాత పేరు ఎక్కడా లేదు. రోజు కూలి ఇచ్చాం కదా, ఇంకో రెండు వేలు పెట్టి పంచ కొనిద్దామని ఎవరో అన్నారు. నేనే అన్నానేమో కూడా. తాతను అడిగితే "నాకెందుకు బిడ్డా, బీడీ పైసలు జాలు" అన్నాడు. అక్క ఊరుకోలేదు. "చదివే మనిషి లేకపోతే మీ స్కానర్లు ఉత్త ఫోటో డబ్బాలు. ఆయన చదివిండు కాబట్టే మనకు బిల్లు పాసయింది," అన్నది. మిషను పెట్టినవాడికి వాటా, తెలివి పెట్టినవాడికి కూలీ ఎందుకన్నది ఆమె ప్రశ్న. కాసేపు వాదన నడిచింది. చివరికి ఒప్పందం అడుగున చేత్తో ఇంకో షరతు రాసి, ఆరు వాటాలు చేశాం. నష్టం వస్తే అది ఆయన మీద పడకూడదని కూడా ఆమే రాయించింది. తాత వేలిముద్ర వేస్తాడనుకున్నాం; ఉర్దూలో సంతకం చేశాడు, ఆ రిజిస్టర్లలో ఉన్నంత అందంగా.

ఆ జట్టు ఇంకో రెండు పనులు కలిసి చేసింది. 2012 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన కేంద్రం కొనుగోలు విధానం కొంత ఊపిరి ఇచ్చింది. కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 20 శాతం చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి, ధరావతు అడగకూడదు. అందులో 4 శాతం ఎస్సీ, ఎస్టీల సంస్థలకు. బిచ్కుంద సారు ఆ కోటాలో ఎన్‌ఎస్‌ఐసీలో పేరు నమోదు చేయించుకున్నాడు. 2018లో ఆ 20ని 25 చేసి, మహిళలకు 3 శాతం పెట్టినప్పుడు మద్నూర్ అక్క ఫోన్ చేసి తనకూ కాగితాలు చూసిపెట్టమంది. మా జట్టు సర్టిఫికెట్ అప్పుడు పనికొచ్చింది. సబ్ కాంట్రాక్టు ఒప్పుకుని ఉంటే అది ఉండేది కాదు. పిట్లం అన్న మళ్లీ స్టూడియోకే పోయాడు. పెళ్లిళ్లకు డ్రోన్లు ఎగరేస్తాడు. తాత పోయి చాలా ఏళ్లయింది. రఖం చదివేవాళ్లు మా దిక్కు ఇంకెవరున్నారో వెతకాలి; భూరికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది, 2025లో భూభారతి వచ్చింది, తగువు వచ్చిన ప్రతిసారీ జనం మళ్లీ సేత్వార్ నకలు పట్టుకునే తిరుగుతున్నారు.

మొన్న బాన్సువాడ భాయి ఫోన్ చేశాడు. నారాయణఖేడ్ దిక్కు కొందరు కుర్రవాళ్లు నాలుగు కంప్యూటర్ దుకాణాలు కలిపి ఏదో టెండరు వేయాలనుకుంటున్నారట, మన ఒప్పందం నకలు కావాలన్నాడు. అడుగున చేత్తో రాసిన ఆరో వాటా షరతును టైపు చేయించి మొదటి పేజీలో పెట్టి పంపాను. వాళ్లు రెండు ప్రశ్నలు అడిగారు. జీఎస్టీ ఎవరి పేరున కట్టాలని ఒకటి. చదివే మనిషికి వాటా ఇచ్చినప్పుడు నష్టంలో ఎందుకు కలపలేదని రెండోది. మొదటిదానికి ఆడిటరును అడగమన్నాను. రెండోదానికి మద్నూర్ అక్క నంబరు ఇచ్చాను.